అభిప్రాయము వేరు, ఆధారము వేరు

లండను నగరపు తూర్పు కొసన, వైట్‌చాపెల్ అను పేదల పేటలో, 1888 వ సంవత్సరమున స్త్రీలను వరుసగా చంపి, ఎవరి చేతికిని చిక్కక, నిజమైన పేరు సైతము లోకమునకు తెలియనీయక తప్పించుకొనిపోయిన హంతకుని గూర్చి, 130 ఏండ్లు దాటినను వాదోపవాదములు సద్దుమణగలేదు. ఆ కాలమున ఒక వార్తా సంస్థకు వచ్చిన ఉత్తరము క్రింది సంతకమును బట్టి లోకము వానిని జాక్ ది రిప్పర్ అని పిలుచుచున్నది; ఆ ఉత్తరము హంతకుడు వ్రాసినది కాదనియు, ఏ పత్రికా విలేఖరియో కల్పించినదనియు నాటి పోలీసు అధికారులే కొందరు తలచిరి. పేరే ఇంత అనుమానాస్పదమైన వ్యక్తి విషయమున, కొన్ని ఏండ్లకొకమారు ఎవరో ఒకరు ముందుకు వచ్చి, అసలు మనిషిని పట్టితిమని చాటుచునే యున్నారు. ఆ చాటింపునకు దన్నుగా నిలుపునది చాలమారులు వైద్య సాక్ష్యమే. డాక్టరు చెప్పినాడన్న మాట చెవిని పడగానే సామాన్యుని నోరు కట్టుబడును. ఆ మాటను డాక్టరు ఎప్పుడు చెప్పెను, ఏమి చూచి చెప్పెను, ఎంత నిశ్చయముతో చెప్పెను, ఎవరు అడుగగా చెప్పెను అని విచారింపక, దానిని శిలాశాసనముగా తలదాల్చుట సత్యమునకు గాని, మరణించిన ఆ స్త్రీలకు గాని న్యాయము చేయుట కాదని నా దృఢవిశ్వాసము.

సాధారణముగా ఈ హంతకునికి అంటగట్టు మరణములు ఐదు. ఆగస్టు 31 న బక్స్ రో అను వీధిలో మేరీ ఆన్ నికల్స్. సెప్టెంబరు 8 న హాన్‌బరీ వీధిలో 29 వ నంబరు ఇంటి పెరటియందు ఆనీ చాప్‌మన్. సెప్టెంబరు 30 న, ఇంకను తెల్లవారకముందే, ఒక గంట వ్యవధిలో, బెర్నర్ వీధి ప్రక్కనున్న ఆవరణలో ఎలిజబెత్ స్ట్రైడ్, మైటర్ స్క్వేరులో కాథరిన్ ఎడోస్. నవంబరు 9 న డార్సెట్ వీధిలోని మిల్లర్స్ కోర్టులో, తన అద్దె గదిలో మేరీ జేన్ కెల్లీ. నికల్స్ ఆ రాత్రి పడకకు చెల్లింపవలసిన 4 పెన్నీలు లేక వసతి గృహము వెలుపల నిలువవలసి వచ్చెను. చాప్‌మన్‌కును అదే గతి పట్టెను. ఎడోస్ కెంట్ సీమకు, బీరునకు వాడు హాప్స్ పూల కోతపనికి పోయి తిరిగివచ్చి వారము కాలేదు. తల దాచుకొనుటకు చోటు లేకపోవుటయే వీరిలో పెక్కురిని చీకటిలోనికి నెట్టినది. ఈ సంగతి మనస్సున నిలుపుకొనియే తక్కిన చర్చలోనికి దిగవలెను.

ఈ వాదములో మొట్టమొదట తెలిసికొనవలసినది, మన చేతనున్న కాగితములెట్టివి అన్న విషయము. నికల్స్, చాప్‌మన్, స్ట్రైడ్ ముగ్గురి మరణములపై విచారణ నడపినవాడు కారొనరు, అనగా మరణ విచారణాధికారి, విన్ ఎడ్విన్ బాక్స్‌టర్. ఆ విచారణల అధికార పత్రములు నేడు మిగిలి లేవు. రీస్ లెవెలిన్, జార్జి బాగ్‌స్టర్ ఫిలిప్స్ మొదలగు వైద్యులు ప్రమాణము చేసి చెప్పిన మాటలు, విచారణ గదిలో కూర్చుండి గబగబ వ్రాసికొన్న పత్రికా విలేఖరుల పుణ్యమా అని మనకు దక్కినవి. ఒక పత్రిక కుదించినచోట మరియొక పత్రిక విస్తరించును. ఒకటి వదలిన వాక్యము మరియొకదానిలో కానవచ్చును. ఎడోస్ విషయమున మాత్రము, ఆమె మరణించిన స్థలము ప్రత్యేక పాలనగల లండను సిటీ అధికార పరిధిలోనిది యగుటచేత, కారొనరు లాంగమ్ ఎదుట నమోదైన వాఙ్మూలములు భద్రముగా నిలిచినవి. కెల్లీ విచారణ పత్రములును ఉన్నవి. కాని ఆమె శరీరమును పరీక్షించిన డాక్టరు థామస్ బాండ్ వ్రాసికొన్న వివరములు లండను పోలీసు కార్యాలయమైన స్కాట్లండు యార్డు దస్త్రములనుండి ఎప్పుడో తప్పిపోయి, పంపినవారి పేరు లేకుండ 1987 లో తిరిగి వచ్చి చేరినవి. అంతకుముందు వెలువడిన పుస్తకములలో పెక్కింటికి ఆ ఆధారము అందుబాటులో లేదు. కావున వైద్య సాక్ష్యము అని మనము ఒక్క మాటలో చెప్పుచున్నది, ఒకచోట వైద్యుని స్వహస్తలిఖితము, మరియొకచోట గుమాస్తా వ్రాత, ఇంకొకచోట విలేఖరి సంగ్రహము. వీటినన్నిటిని ఒకే త్రాసున తూచరాదు.

ఇక ఒక ఘట్టమును దగ్గరగా చూతము. చాప్‌మన్ మృతదేహమును ఉదయము 6 గంటల ప్రాంతమున ఆ యింటిలో కాపురమున్న బండితోలువాడొకడు చూచెను. పోలీసు సర్జను ఫిలిప్స్ 6.30 కు అచ్చటికి వచ్చి పరీక్షించెను. దేహము చల్లబడినది, లోపలి అవయవముల క్రింద కొంత వేడి మాత్రము మిగిలియున్నది, అవయవములు కొయ్యబారుట అప్పుడే ఆరంభమైనది. ఇది అతడు చూచినది. దీనిని బట్టి, ఆమె మరణించి కనీసము 2 గంటలైనను అయియుండవలెననియు, అంతకు మించియు అయియుండవచ్చుననియు అతడు విచారణలో చెప్పెను. ఇది అతడు ఊహించినది. అనగా మరణము 4.30 కు గాని, అంతకు ముందు గాని జరిగియుండవలెను. ఆ మాటతోపాటే, ఆ ఉదయము చలిగా నుండుటను, రక్తము విస్తారముగా పోవుటను లెక్కలోనికి తీసికొనవలెనని కూడ అతడు హెచ్చరించెను.

ఇప్పుడు సాక్షుల మాట వినుడు. ఆ యింటిలో కాపురమున్న స్త్రీ కుమారుడు జాన్ రిచర్డ్‌సన్ 4.45 ప్రాంతమున పెరటి మెట్టుపై కూర్చుండి, తన బూటులో గ్రుచ్చుకొనుచున్న తోలుముక్కను కోసికొనెను. అచ్చట శవమేదియు లేదని ప్రమాణము చేసి చెప్పెను. ప్రక్కయింటి ఆల్బర్ట్ కడోష్ 5.20 దాటిన పిమ్మట తన పెరటిలో తిరుగుచు, కంచెకు ఆవల ఒక గొంతు వద్దనుటను, తరువాత కంచెపై ఏదియో పడిన చప్పుడును వినెను. ఎలిజబెత్ లాంగ్ అను ఆమె సంతకు పోవుచు, బీరు కార్ఖానా గడియారము 5.30 కొట్టుచుండగా ఆ యింటి ముందర ఒక పురుషునితో మాటలాడుచున్న స్త్రీని చూచితిననియు, శవాగారములో చూచిన ఆమెయే ఆ స్త్రీ యనియు సాక్ష్యమిచ్చెను. వైద్యుని లెక్క సరియైనచో ఈ ముగ్గురును పొరబడిరని చెప్పవలెను. ముగ్గురు నిజము చెప్పిరన్నచో వైద్యుని లెక్క ఒక గంట తప్పినదని ఒప్పుకొనవలెను. లాంగ్, కడోష్ చెప్పిన గడియలు సైతము ఒకదానితో నొకటి పూర్తిగా పొసగవు.

ఈ చిక్కును నాటివారును గుర్తించిరి. కారొనరు బాక్స్‌టర్ సాక్షుల పక్షము వహించి, వైద్యుడే తన అంచనాకు మినహాయింపు చెప్పుకొన్నాడు గదా యని తీర్మానించెను. కేసు పత్రములన్నిటిని పరిశీలించిన ఇన్‌స్పెక్టరు స్వాన్‌సన్ అక్టోబరులో హోం శాఖకు వ్రాసిన నివేదికలో, వైద్యుని మాట సరియైనచో లాంగ్ సాక్ష్యమును అనుమానింపవలసి వచ్చునని వ్రాసెను. ఒకే కాగితములు చదివిన ఇద్దరు బుద్ధిమంతులు ఇరు దిక్కులకు పోయిరి. నేటివారును ఆ రెండు దారులలోనే నడుచుచున్నారు. ఎవని మనస్సులో ఏ అనుమానితుడు కుదురుకొన్నాడో, వానికి అనుకూలించు గడియనే వాడు ఏరుకొనుచున్నాడు.

శాస్త్రము ఈ విషయమున ఏమి చెప్పును? ఫిలిప్స్ వాఙ్మూలములో ఉష్ణమాపకముతో కొలిచిన అంకె ఏదియు లేదు. చేతితో తాకి చూచిన వేడిమియే ఆధారము. శవము చల్లబడు వేగము దేహము యొక్క బరువును, ఒంటిమీది బట్టలను, గాలి చలిని, నేల తడిని, గాయముల విస్తీర్ణమును బట్టి మారును. నూరేండ్ల తరువాత, 1988 లో, జర్మను వైద్యుడు హెన్స్‌గే దేహపు ఉష్ణోగ్రతను, బరువును, పరిసరపు వేడిమిని కొలిచి మరణకాలము గణించుటకు ప్రసిద్ధమైన ఒక పద్ధతిని ప్రకటించెను. పరిస్థితులన్నియు అనుకూలించినప్పటికిని దానికి 95 శాతపు నిశ్చయముతో ఇటు 2.8 గంటలు, అటు 2.8 గంటలు వ్యత్యాసమును ఆ పద్ధతియే ఒప్పుకొనుచున్నది. కొలత, పట్టిక, గణితము అన్నియు చేతనుండగనే శాస్త్రము ఇంత వినయము చూపుచుండగా, కేవలము చేతి స్పర్శను నమ్మి 4.30 కు, 5.30 కు మధ్య తీర్పు చెప్పుట సాధ్యము కాదు. అట్లని సాక్షుల పక్షమే గెలిచినదనుటయు పొరపాటు. వైద్య సాక్ష్యము ఈ ప్రశ్నకు సమాధానము చెప్పజాలదు, అంతవరకే మనము చెప్పగలము. గమనింపుడు: ఈ మాట ఫిలిప్స్‌ను తప్పుపట్టుట కాదు. మినహాయింపు చెప్పినవాడు అతడే. ఆ మినహాయింపును కత్తిరించి, అంకెను మాత్రము మోసికొనిపోయినవారు తరువాతివారు.

రెండవ వివాదము హంతకుని నైపుణ్యమును గూర్చినది. చాప్‌మన్ గర్భాశయము తీసికొనిపోబడుటను చూచిన ఫిలిప్స్, ఆ పనిలో శరీర నిర్మాణ జ్ఞానము కానవచ్చుచున్నదని అభిప్రాయపడెను. ఎడోస్ శవమునకు పరీక్ష చేసిన సిటీ పోలీసు సర్జను ఫ్రెడరిక్ గోర్డన్ బ్రౌన్, పొరచాటుననుండు ఎడమ మూత్రపిండము జాగ్రత్తగా తీయబడుటను బట్టి, అవయవముల స్థానము ఎరిగినవాడే ఆ పని చేసియుండవలెననెను; కాని పశువులను కోయు అలవాటున్నవానికిని ఆ ఎరుక ఉండవచ్చునని చేర్చెను. అందరికంటె ముందు ఆ స్థలమునకు వచ్చిన వైద్యుడు సెక్వీరా, హంతకునికి గొప్ప శారీరక శాస్త్ర నైపుణ్యము లేదని సాక్ష్యమిచ్చెను; శవపరీక్ష యందు పాల్గొన్న విలియం సెడ్జ్‌విక్ సాండర్స్ ఆ మాటనే బలపరచెను. చివరకు బాండ్ వచ్చి, ఏ హత్యయందును శాస్త్రజ్ఞానము గాని, శారీరక జ్ఞానము గాని, కడకు కసాయివానికుండు పనితనము గాని కానరాదని తేల్చివైచెను. ఐదుగురు వైద్యులు, ఐదు మాటలు కాకున్నను మూడు మాటలు.

ఏ యొక్కరును అజ్ఞానులు కారు, అసత్యవాదులును కారు. మరి భేదమెందులకు? వారికి ఎదురైన ప్రశ్నలు ఒక్కటి కావు. అవయవము ఎచ్చట నుండునో తెలియుట ఒకటి, కత్తిని నేర్పుతో నడపగలుగుట మరియొకటి. బ్రౌన్ మొదటిదానిని గూర్చి పలుకగా, సెక్వీరా రెండవదానిని గూర్చి పలికెను; ఇద్దరిని ఎదురెదురుగా నిలిపి కొట్లాట పెట్టువారు ఈ తేడాను విస్మరించుచున్నారు. చీకటిని, తొందరను కూడ తలపవలెను. మైటర్ స్క్వేరులో కానిస్టేబులు వాట్కిన్స్ 1.30 కు గస్తీ తిరిగినప్పుడు అచ్చట ఏమియు లేదు, 1.44 కు తిరిగి వచ్చునప్పటికి శవము కంటబడెను. కనీసము 5 నిమిషములైనను పట్టియుండునని బ్రౌన్ చెప్పెను. అంతటి చీకటిలో, అంతటి తొందరలో ప్రవీణుని చేయి సైతము మొరటుగనే కనిపింపవచ్చును. అట్లే మొరటువాని చేతికి అనుకోకుండ దొరకినది నేర్పుగా తోపవచ్చును. ఈ రెంటిలో నేది నిజమో గాయము తానై చెప్పదు.

మరియొక భేదము ఇంకను ముఖ్యమైనది. ఫిలిప్స్ చాప్‌మన్‌ను, స్ట్రైడ్‌ను, కెల్లీని స్వయముగా చూచెను. ఎడోస్ పరీక్ష యందును పాల్గొనెను. బాండ్ నవంబరు 10 న, పోలీసు నేరపరిశోధక శాఖాధిపతి రాబర్ట్ ఆండర్సన్ కోరగా నివేదిక వ్రాసినప్పుడు, కెల్లీ శరీరమును మాత్రమే చూచియుండెను. తక్కిన నలుగురి విషయమును ఇతరులు వ్రాసిన వివరములు చదివి తెలిసికొనెను. ఆ నివేదికలోనే హంతకుని స్వభావమును, రూపమును, జీవనవిధానమును కూడ అతడు ఊహించి వ్రాసెను. అందుచేత నేటి నేరమనస్తత్వ పరిశోధకులు దానిని తమ విద్యకు తొలి నమూనాగా గౌరవింతురు. గౌరవింపదగినదే. కాని చూచినవాని మాటకు, చదివినవాని మాటకు ఒకే తూకము వేయుట ఏ న్యాయస్థానమును అంగీకరింపని పద్ధతి.

1889 జూలై 17 న వైట్‌చాపెల్‌లో ఆలిస్ మెకెంజీ అను మరియొక స్త్రీ హతురాలయ్యెను. ఈమారు ఇద్దరు వైద్యులును ఒకే దేహమును కన్నులార చూచిరి. ఇది ఆ పూర్వ హంతకుని చేతిపనియే యని బాండ్ వ్రాసెను. కాదని ఫిలిప్స్ వ్రాసెను. ఇక ఐదు అన్న లెక్కను ఏమని నమ్మవలెను? 1894 లో పోలీసు అధికారి మెల్విల్ మాక్‌నాటెన్ తన నివేదికలో, ఈ హంతకునికి బలియైనవారు ఐదుగురు, ఐదుగురే యని వ్రాసెను. నాటినుండి ఆ అంకె వేదవాక్కుగా చెలామణి యగుచున్నది. 1888 ఆగస్టు 7 న హతురాలైన మార్తా టాబ్రమ్ ఒంటిపై 39 గాయములుండెను. అందులో ఒక్కటి తప్ప తక్కినవన్నియు చిన్న కత్తితో అయినవి కావచ్చుననియు, ఆ యొక్కటి బాకు వంటి బలమైన ఆయుధముతో అయినదనియు డాక్టరు కిలీన్ చెప్పెను. ఆమెను జాబితాలో చేర్చవలెనని కొందరు, కూడదని కొందరు నేటికిని వాదించుచున్నారు. ఐదు అన్నది లెక్కించి తెలిసికొన్న అంకె కాదు. అభిప్రాయముల మీద నిలిపిన అంకె. దానిని పునాదిగా చేసికొని కట్టిన మేడలన్నియు ఆ మేరకు బలహీనములే.

అభిప్రాయము పత్రికల చేతిలో పడి ఎట్లు పెరుగునో తెలిసికొనుటకు మూత్రపిండము కథ చాలును. అక్టోబరు 16 న, ఆ పేట రక్షక సంఘాధ్యక్షుడైన జార్జి లస్క్‌కు ఒక చిన్న పెట్టె టపాలో వచ్చెను. అందులో సగము మూత్రపిండమును, ఒక ఉత్తరమును ఉండెను. దానిని లండను ఆసుపత్రి ప్రదర్శనశాల అధికారి డాక్టరు థామస్ ఓపెన్‌షా సూక్ష్మదర్శినితో పరీక్షించెను. మరునాటి పత్రికలు, అది 45 ఏండ్ల వయస్సుగల, మద్యపానాసక్తురాలైన స్త్రీదని అతడు నిర్ణయించినట్లు ప్రకటించినవి. ఓపెన్‌షా వెంటనే ఖండించెను: అది మనుష్యుని ఎడమ మూత్రపిండములో సగము, సారాయిలో నిలువచేయబడినది, ఇంతకు మించి తాను చెప్పలేదని. ఖండన ఆనాడే అచ్చుపడినను, మొదటి కథయే పుస్తకమునుండి పుస్తకమునకు ప్రాకుచు వచ్చినది. వైద్యుడు చెప్పనిది వైద్య సాక్ష్యమై కూర్చున్నది.

ఇట్టి పెరుగుదలకు బలియైనవారిలో వైద్యులును ఉన్నారు. చాప్‌మన్ విచారణను ముగించుచు బాక్స్‌టర్, ఒక అమెరికను దేశస్థుడు గర్భాశయములను ఒక్కొక్కటి 20 పౌన్లకు కొనజూచినాడని ఒక వైద్య విద్యాలయమువారు తనకు తెలిపిరనియు, ఆ ధనాశయే హత్యలకు ప్రేరకము కావచ్చుననియు ప్రకటించెను. కారొనరు పీఠమునుండి వెలువడిన ఆ ఊహ, వైద్య పత్రికలు పట్టులేనిదని త్రోసిపుచ్చినను, జనుల మనస్సునుండి తొలగలేదు. నాటినుండి హంతకుడనగా సంచి చేతబట్టిన వైద్యుడే కన్నులకు కట్టుచున్నాడు. మాక్‌నాటెన్ తన అనుమానితులలో డ్రూయిట్ అనునతని వైద్యుడట యని వ్రాసెను. అతడు న్యాయవాది, బడిపంతులు. ఆస్ట్రోగ్ అనునతని రష్యా దేశపు వైద్యుడనెను. అతడు మోసగాడు, హత్యల కాలమున ఫ్రాన్సులో నిర్బంధమందుండెను. నీల్ క్రీమ్ అను విషప్రయోక్త 1888 లో ఇల్లినాయిస్ చెరసాలలో శిక్ష అనుభవించుచుండెను. అతని పేరును జాబితాలకెక్కినది. విక్టోరియా రాణి వైద్యుడు సర్ విలియం గల్‌కు అప్పటికి 71 ఏండ్లు, అంతకు ముందటి సంవత్సరమే పక్షవాతము సోకియుండెను. 1970 ల తరువాతి పుస్తకములు ఆయనను సైతము వదలలేదు. నైపుణ్యము కలదన్న ఒక అభిప్రాయము, అది యైనను తోటి వైద్యులు కాదన్న అభిప్రాయము, ఇందరు మృతుల కీర్తికి మచ్చ తెచ్చినది.

మన కాలమున వైద్యుని పీఠమును ప్రయోగశాల ఆక్రమించినది. ఎడోస్‌ది యని చెప్పబడు ఒక శాలువపై మరకలలో దొరకిన డి.ఎన్.ఏ. వలన, కాస్మిన్‌స్కీ అను పోలండు వలసదారుడే హంతకుడని తేలినదని 2014 లో ఒక పుస్తకము, 2019 లో ఒక శాస్త్ర పత్రికా వ్యాసము ప్రకటించినవి. మన తెలుగు పత్రికలును ఇట్టి వార్తలను పెద్ద అక్షరములతో అచ్చువేయుచునే యున్నవి. కాని ఎడోస్ ఒంటిమీది బట్టలను, జేబులలోని ముక్కలను, సబ్బు తునక మొదలుకొని ఒక్కటి వదలక వ్రాసిన పోలీసు జాబితా నేటికిని ఉన్నది. అందులో ఆ శాలువ లేదు. 2014 లో మిక్కిలి అరుదైనదని చెప్పిన జన్యుభేదము, పేరు వ్రాయుటలో జరిగిన పొరపాటు వలన అరుదుగా తోచినదే కాని, ఐరోపావాసులలో దాదాపు అందరికిని ఉండునదేయని నిపుణులు చూపిరి. పైగా తల్లివైపునుండి సంక్రమించు మైటోకాండ్రియా డి.ఎన్.ఏ. వేలమందికి ఉమ్మడిగా నుండును. అది కొందరిని కాదనగలదు గాని, ఒక్కని వీడే యని వ్రేలెత్తి చూపజాలదు. యంత్రము క్రొత్తది, పొరపాటు పాతదే: ఫలితమును చూచుట, దాని క్రింది నేలను చూడకుండుట.

ఈ పొరపాటునకు మందు మనకు క్రొత్త కాదు. తెలుగు జిల్లాల కోర్టులు తరతరములుగా అనుసరించిన 1872 నాటి భారత సాక్ష్య చట్టమును రచించినవాడు జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. అందులో 45 వ సెక్షను, నిపుణుని అభిప్రాయమును కోర్టు వినవచ్చునన్నది. 46 వది, ఆ అభిప్రాయమును బలపరచు, ఖండించు సంగతులనన్నిటిని చూడవచ్చునన్నది. 51 వది, ఆ అభిప్రాయమునకు గల ఆధారములను కూడ విచారింపవచ్చునన్నది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమును ఈ నీతిని విడిచిపెట్టలేదు. మన జిల్లా కోర్టులో సివిలు సర్జను బోనెక్కి, మరణము ఇన్ని గంటలకు జరిగినదని చెప్పిన తోడనే, ఎదుటి వకీలు లేచి, ఏమి చూచి చెప్పితిరని అడుగును; అడుగుట వకీలు హక్కు, చెప్పుట వైద్యుని విధి. ఆ స్టీఫెన్ కుమారుడు, కవి జె. కె. స్టీఫెన్, మరణించిన 80 ఏండ్లకు ఒక రచయిత చేత ఈ హత్యలకు బాధ్యునిగా ఆరోపింపబడెను. ఆ ఆరోపణకు నిలకడగల ఆధారమేదియు లేదు. తండ్రి కోరిన నియమమును పాటించియున్నచో ఆ నింద పుట్టియే యుండదు.

ఎన్నటికిని తేలని ఈ విషయమును త్రవ్వుట వృథా శ్రమ కాదా యని కొందరు పెద్దలు ప్రశ్నింతురు. కాదని నేను మనవి చేయుచున్నాను. పాత సాక్ష్యమును తూచుట నేర్చినవాడు క్రొత్త సాక్ష్యమును తూచగలడు. ఇది మన పత్రికలకును, టెలివిజను వార్తలకును నేడు అత్యవసరమైన విద్య. ఊరిలో అనుమానాస్పద మరణమొకటి జరిగినచో, పోస్టుమార్టం నివేదిక చేతికి రాకముందే అందులోనిదని ఒక వాక్యము తెరపై పరుగెత్తును. సాయంకాలమునకు ఎవరో ఒకరు హంతకులైపోవుదురు. నెల తిరిగి నివేదిక మరియొక విధముగా వచ్చినను, పోయిన పరువు తిరిగి రాదు. ఓపెన్‌షా ఖండనకు పట్టిన గతియే దానికిని పట్టును.

మరియొక అభ్యంతరము ఇంతకంటె గంభీరమైనది: చనిపోయిన స్త్రీల శరీరములను ఇన్నేండ్ల తరువాత ఇట్లు బహిరంగమున చర్చించుట మర్యాదయా? ఈ ప్రశ్న ఫిలిప్స్‌ను నాడే బాధించెను. చాప్‌మన్ గాయముల వివరములు చెప్పుటకు అతడు సంకోచించి, వలదని వేడుకొనెను. బాక్స్‌టర్ స్త్రీలను, బాలురను గదినుండి పంపివేసి, సాక్ష్యము పూర్తిగా నమోదు కావలెనని పట్టుపట్టెను. పత్రికలు ఆ వివరములను ప్రకటింపక విడిచినవి. లాన్సెట్ వైద్య పత్రిక వైద్యుల కొరకు అచ్చువేసినది. ఇరువురిలో నెవ్వరిది ధర్మమని అడిగినచో, ఇరువురిదియు ననియే నా సమాధానము. నమోదు విషయమున బాక్స్‌టర్ సరి; ప్రకటన విషయమున ఫిలిప్స్ సరి. కెల్లీ విచారణను కారొనరు మాక్‌డొనాల్డ్ ఒక్క నాటితో, వైద్య వివరములు మిక్కిలి కొద్దిగా మాత్రమే నమోదు చేసి, ముగించివైచెను. తెల్లవారుజామున 1, 2 గంటల నడుమ మరణము సంభవించినదన్న బాండ్ అంచనాకును, 8.30 ప్రాంతమున ఆమెతో మాటలాడితినన్న పొరుగు స్త్రీ సాక్ష్యమునకును పొత్తు కుదుర్చుటకు తగిన సామగ్రి నేడు మనకు లేకపోవుటకు ఆ తొందర కొంత కారణము. దాచిన సాక్ష్యము వదంతికి ఎరువగును. అంగడికెక్కిన సాక్ష్యము మృతులకు అవమానమగును. నమోదు సంపూర్ణముగాను, ప్రకటన సంయమముతోను ఉండవలెను.

ఆ వైద్య పత్రములను నిదానముగా చదివినవానికి, హంతకుని వెదకువారు దాటిపోవు వాక్యములు కొన్ని కంటబడును. చాప్‌మన్ ఊపిరితిత్తులయందును, మెదడు పొరలయందును వ్యాధి ముదిరియుండెననియు, దేహమున ఘోరమైన లేమి చిహ్నములు కానవచ్చెననియు, మరణమునకు ముందు కొన్ని గంటలపాటు ఆమె ఘాటైన మద్యము తాకలేదనియు ఫిలిప్స్ చెప్పెను. త్రాగి తిరుగు స్త్రీలని లోకము తేలికగా త్రోసివేసిన వారిలో ఒకరిని గూర్చి, ఆమె తిండిలేక, జబ్బుతో, తెలివి తప్పక ఆ రాత్రి వీధిన నిలిచినదని వైద్యుడు ప్రమాణపూర్వకముగా చెప్పిన మాట ఇది. ఆమె ఎట్లు జీవించినదో చెప్పు ఈ సాక్ష్యము, ఆమెను చంపినవాడెవడో చెప్పునని మనము బలవంతము చేయు సాక్ష్యముకంటె ఎన్నో రెట్లు దృఢమైనది.

కనుక పండితులకు, పాత్రికేయులకు, పాఠకులకు నా విన్నపమిది. పాత వైద్య సాక్ష్యమును ఉదాహరించునప్పుడు చూచినదానిని, ఊహించినదానిని వేర్వేరుగా వ్రాయుడు. ఆ మాట ఏ కాగితమునుండి వచ్చినదో, చెప్పినవాడు దేహమును చూచెనో, వినికిడిగా తెలిసికొనెనో తెలుపుడు. అతడు చెప్పిన మినహాయింపును కోసివేయకుడు. ఇంతవరకు చేసిన పిదప, మరణించిన ఏ వ్యక్తి పేరునైనను హంతకుడని వ్రాయుటకు తగిన ఆధారము మిగులునో లేదో మీకే తెలియును. నాకు తెలిసినంతవరకు మిగులదు. హంతకుడెవడో తెలియదని చెప్పుట పరాజయమని తలపనక్కరలేదు. ఉన్న కాగితములు నిజాయితీగా ఇచ్చుచున్న సమాధానమే అది. అంతకు మించి చెప్పువానిని, నీ అభిప్రాయమునకు ఆధారమేది యని నిలదీయుట చదువరులందరి హక్కు, ఆ హక్కును వదలుకొనకుండుట వారి బాధ్యత.